మాట్లాడటం చవక, వినడం ఖరీదు: సెన్సర్ నెట్‌వర్క్‌ల లోగుట్టు

2004 ఫిబ్రవరి చివర్లో అమెరికాలోని బర్క్‌లీలో, ఇంటెల్ పరిశోధనశాలలో 54 చిన్న సెన్సర్ పెట్టెలు పెట్టారు. గది ఉష్ణోగ్రత, తేమ, వెలుతురు, తన బ్యాటరీ వోల్టేజీ: ఈ నాలుగూ ఒక్కో పెట్టె 31 సెకన్లకోసారి చెప్పాలి. ఏప్రిల్ మొదటి వారం దాకా పోగైన ఆ డేటాను ఇప్పటికీ విద్యార్థులు సాధనకు వాడుకుంటారు. గ్రాఫ్ గీయగానే కళ్లు నులుముకుంటారు. కొన్ని పెట్టెల లెక్కలో ఆఫీసు గది ఉష్ణోగ్రత 122 డిగ్రీల సెల్సియస్!

అక్కడేమీ తగలబడలేదు. బ్యాటరీ చివరికొచ్చింది, అంతే. వోల్టేజీ దిగజారాక సెన్సర్ నోటికొచ్చిన అంకె చెప్పింది. రేడియో దాన్ని పొల్లుపోకుండా చేరవేసింది. ప్యాకెట్ (ఒక్కసారి పంపే డేటా మూట) చెడలేదు, డేటాబేస్‌లో చక్కగా నమోదైంది. పక్క వరుసలో వోల్టేజీ కూడా రాసి ఉంది కాబట్టి అసలు సంగతి బయటపడింది.

ఈ పెట్టెను నోడ్ అంటారు. లోపల ఉండేవి ఐదే: సెన్సర్, మైక్రోకంట్రోలర్ (పెట్టెను నడిపే చిన్న కంప్యూటర్ చిప్), రేడియో, కాస్త ఫ్లాష్ మెమరీ, బ్యాటరీ. నోడ్లన్నీ పంపింది పోగయ్యే చోటు గేట్‌వే. అక్కడి నుంచి మామూలు ఇంటర్నెట్టే. 1990ల చివర్లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో క్రిస్ పిస్టర్ బృందం 'స్మార్ట్ డస్ట్' పేరుతో ఒక ఘన మిల్లీమీటరులో పట్టే నోడ్ కోసం ప్రయత్నించింది. చిప్‌లు చిన్నవయ్యాయి గానీ చేతికొచ్చిన నోడ్లు మాత్రం రెండు పెన్సిల్ బ్యాటరీలంత ఉన్నాయి. పెట్టె సైజును నిర్ణయించేది బ్యాటరీ. ఆ బ్యాటరీని ఏం తినేస్తుందన్నదే ఈ విద్యలో మొదటి ప్రశ్న. దానికి చాలామంది తప్పు జవాబే చెబుతారు.

బ్యాటరీ ఎక్కడికి పోతుంది?

పంపడానికే కరెంటు ఎక్కువ ఖర్చవుతుందని అందరూ అనుకుంటారు. టెలోస్‌బీ అనే పాత నోడ్‌ను తీసుకుందాం. పాతదే అయినా లెక్క నేర్చుకోవడానికి అంత తేలికైనది ఇంకోటి లేదు. దాని రేడియో చిప్ గరిష్ఠ శక్తితో పంపేటప్పుడు 17.4 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. వినేటప్పుడు 18.8. అంటే వినడానికే కాస్త ఎక్కువ. నిద్రలో మొత్తం నోడ్ ఖర్చు 5 మైక్రో ఆంపియర్ల చుట్టుపక్కల.

రెండు ఏఏ బ్యాటరీలు వరుసగా కలిపితే 2500 మిల్లీ ఆంపియర్ గంటలు ఉన్నాయనుకుందాం. మైక్రోకంట్రోలర్‌తో కలిపి 20 మిల్లీ ఆంపియర్లతో రేడియో ఆపకుండా వింటూ కూర్చుంటే 125 గంటలు, అంటే ఐదు రోజుల చిల్లర. ఇప్పుడు పంపడం సంగతి. ఇలాంటి తక్కువ కరెంటు రేడియోల కోసం రాసిన ఐఈఈఈ 802.15.4 ప్రమాణంలో వేగం సెకనుకు 250 కిలోబిట్లు, ఫ్రేమ్ (గాలిలో వెళ్లే ప్యాకెట్) పెద్దదైతే 127 బైట్లు. ముందు వచ్చే ఆరు బైట్లతో కలిపి అది గాలిలో ఉండేది 4.3 మిల్లీసెకన్లు. నిమిషానికొకటి పంపితే సగటు ఖర్చు 1.2 మైక్రో ఆంపియర్లు. కేవలం ఆ ఒక్క ఖర్చే అయితే బ్యాటరీ 200 ఏళ్లు దాటాలి! మేలుకోవడం, చానల్ ఖాళీగా ఉందో లేదో చూడటం, అందిందన్న కబురు కోసం ఆగడం కలిపితే అసలు ఖర్చు దీనికి కొన్ని రెట్లుంటుంది. అయినా ఎడతెగకుండా వినే ఖర్చు ముందు అది దూదిపింజే. ఇప్పటి చిప్‌లు 5, 6 మిల్లీ ఆంపియర్లతోనే వింటాయి. అంకెలు తగ్గాయి, నిష్పత్తి మారలేదు.

కాబట్టి నోడ్ 99 శాతం సమయం నిద్రపోవాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నేను మాట్లాడేసరికి నువ్వు నిద్రలో ఉంటే నా మాట గాలికి పోతుంది. నీకోసం నేను మేలుకొని ఉంటే నా బ్యాటరీ పోతుంది. సెన్సర్ నెట్‌వర్క్‌ల కోసం రాసిన ప్రొటోకాల్స్‌లో, అంటే నోడ్లు మాట్లాడుకునే నియమాల్లో, సగం ఈ పేచీని తీర్చడానికే పుట్టాయి. పరిష్కారాలు స్థూలంగా మూడు.

మొదటిది, తలుపు సందులోంచి తొంగిచూడటం. వినేవాడు అరసెకనుకోసారి లేచి, 5 మిల్లీసెకన్లు చానల్‌లో అలికిడి ఉందేమో చూసి, లేకపోతే మళ్లీ పడుకుంటాడు. రేడియో 1 శాతం కాలమే వెలుగుతుంది కాబట్టి సగటు 0.2 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది, ఐదు రోజులు కాస్తా 17 నెలలవుతాయి. అయితే ఆ ఆదాకు మూల్యం పంపేవాడు కడుతున్నాడు. అవతలివాడు ఎప్పుడు లేస్తాడో తెలియదు గనక అదే ప్యాకెట్‌ను అరసెకను దాకా మళ్లీ మళ్లీ పంపుతూ ఉండాలి. 4 మిల్లీసెకన్ల పని సగటున 250 మిల్లీసెకన్లవుతుంది. తొంగిచూసే వ్యవధి రెండు సెకన్లకు పెంచితే వినేవాడికి లాభం, పంపేవాడికి నష్టం. రోజుకు పది ప్యాకెట్లు పంపే నెట్‌వర్క్‌కు రెండు సెకన్లు బాగుంటుంది. నిమిషానికి పది పంపేదానికి అదే సెట్టింగ్ పెడితే బ్యాటరీలు గుల్లవుతాయి. పక్కన వైఫై రద్దీగా ఉంటే ఇంకో తలనొప్పి. తనవాళ్లెవరో పిలుస్తున్నారనుకుని నోడ్ ఊరికే మేలుకొని ఉండిపోతుంది. ల్యాబ్‌లో ఏడాది లెక్కతేలిన బ్యాటరీ ఆఫీసు భవనంలో మూడు నెలలకే అయిపోవడానికి తరచుగా ఇదే కారణం.

గడియారాలు ఒప్పుకోవాలి

రెండో దారి, ముందే టైమ్ కుదుర్చుకోవడం. 2012లో 802.15.4కి చేర్చిన టీఎస్‌సీహెచ్ పద్ధతిలో కాలాన్ని సాధారణంగా 10 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. ఏ ముక్కలో ఎవరు ఎవరికి, ఏ చానల్‌లో చెప్పాలో పట్టిక ఉంటుంది. ముక్క మారినప్పుడల్లా చానల్ కూడా మారుతుంది. ఒక చానల్‌లో వైఫై అడ్డొచ్చినా తర్వాతి ప్రయత్నం వేరే చోట పడుతుంది. ఫ్యాక్టరీల్లో పైపుల మీద, ట్యాంకుల మీద పెట్టే వైర్‌లెస్‌హార్ట్ పరికరాలది కూడా ఈ కుటుంబమే.

పట్టిక పనిచేయాలంటే గడియారాలు కలవాలి. నోడ్‌లో ఉండేది 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్, దాని తప్పు దాదాపు ప్లస్ ఆర్ మైనస్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు). అంటే రోజుకు 1.7 సెకన్లు. ఒకటి ముందుకు, ఇంకోటి వెనక్కు నడిస్తే ఇద్దరి మధ్య తేడా 40 పీపీఎం, 25 సెకన్లలోనే ఒక మిల్లీసెకను. వినేవాడు ముందూ వెనకా ఒక్కో మిల్లీసెకను అదనంగా మేలుకుంటే ఆ తేడాను ఓర్చుకోగలడు. అంటే ప్రతి 25 సెకన్లలోపు ఏదో ఒక మాట జరిగి గడియారం సర్దుకోవాలి. దీనికితోడు ఈ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గరే సరిగ్గా నడుస్తుంది. అటు వేడెక్కినా ఇటు చల్లబడినా మందగిస్తుంది, తేడా వర్గంలో పెరుగుతుంది. 30 డిగ్రీలు తేడా వస్తే మరో 30 పీపీఎం వెనకబడుతుంది. నీడలో ఉన్న నోడ్, ఎండలో ఉన్న నోడ్ మధ్యాహ్నమయ్యేసరికి విడిపోయి, సాయంత్రానికి మళ్లీ కలుస్తుంటే రౌటింగ్‌ను (ప్యాకెట్ వెళ్లే దారి ఎంచుకునే పద్ధతిని) తిట్టకండి, క్రిస్టల్‌ను చూడండి.

గడియారం చెడితే ప్యాకెట్లు పోవడం ఒక్కటే కాదు, కొలతల అర్థమే పోవచ్చు. 2005లో ఈక్వడార్‌లోని రెవెంతదోర్ అగ్నిపర్వతం మీద హార్వర్డ్ బృందం 16 నోడ్లను 19 రోజులు నడిపింది. సెకనుకు 100 సార్లు భూకంపనాన్నీ, శబ్దాన్నీ నమోదు చేయాలి. ఒకే ప్రకంపన ఏ నోడ్‌కు ముందు తాకింది, ఏ నోడ్‌కు తర్వాత తాకింది అన్న తేడాలోనే శాస్త్రమంతా ఉంది. సమయాన్ని సరిపోల్చే ప్రొటోకాల్ కొన్నిసార్లు తప్పడంతో, డేటా చేతికొచ్చాక టైమ్‌స్టాంపులను వెనక్కి వెళ్లి దిద్దుకోవాల్సి వచ్చింది.

గొలుసులో ఎవరు ఎవరికి?

ఒక నోడ్ గొంతు గేట్‌వే దాకా అందకపోతే మధ్యలోవాళ్లు అందించాలి. మ్యాప్ మీద చూస్తే తక్కువ గెంతుల దారి మేలనిపిస్తుంది. అది ఉచ్చు. తక్కువ గెంతులంటే ఒక్కో గెంతూ పొడుగు, పొడుగు గెంతులో సిగ్నల్ అంచు మీద ఉంటుంది. ఒక నోడ్ నుంచి గేట్‌వేకి నేరుగా పంపితే ప్యాకెట్ చేరే అవకాశం 50 శాతం, అందిందన్న కబురు తిరిగొచ్చే అవకాశం 80 శాతం అనుకోండి. రెండూ సఫలమవడం 40 శాతమే, కాబట్టి సగటున 2.5 సార్లు పంపాలి. మధ్యలో ఒకరున్న దారిలో ప్రతి గెంతూ అటూ ఇటూ 95 శాతమైతే, ఒక్కో గెంతుకు 1.1, రెండింటికీ కలిపి 2.2. గెంతులు ఎక్కువైనా ఖర్చు తక్కువ. ఈటీఎక్స్ అనే కొలత ఇదే. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6550 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా వచ్చిన ఆర్‌పీఎల్ రౌటింగ్‌లో దారి ఎంచుకోవడానికి ఎక్కువగా దీన్నే వాడతారు.

మళ్లీ ప్రయత్నించడం ఎంత విలువైనదో కూడా ఇదే లెక్క చెబుతుంది. గెంతుకు 95 శాతం బాగానే ఉన్నట్టుంటుంది గానీ, పది గెంతులయ్యేసరికి చేరేది 60 శాతమే. ప్రతి గెంతులో మూడు ప్రయత్నాలకు వీలిస్తే అదే దారిలో దాదాపు 99.9 శాతం చేరుతుంది.

ఇంకో విషయం: నెట్‌వర్క్ అంచు నుంచి కాదు, నడుమ నుంచి చస్తుంది. 100 నోడ్లున్నచోట గేట్‌వే పక్కన ఐదే ఉంటే, ఒక్కొక్కటి 20 నోడ్ల ప్యాకెట్లు మోస్తుంది. అవి ముందు ఖాళీ అవుతాయి, మిగతా 95 బ్యాటరీ నిండుగా ఉండి కూడా మూగబోతాయి. రెండో గేట్‌వే పెట్టండి, లేదా ఆ ఐదింటికి పెద్ద బ్యాటరీ ఇవ్వండి. ప్రొటోకాల్ తెలివితేటల కన్నా ఇది చవక.

యాంటెన్నా ఎత్తు గురించి ఎంత చెప్పినా తక్కువే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. 100 మీటర్ల దూరంలో రెండు నోడ్ల మధ్య, నడిమిచోట దాదాపు 1.8 మీటర్ల వ్యాసార్ధం మేర గాలి ఖాళీగా ఉంటేనే సిగ్నల్ హాయిగా వెళ్తుంది. నోడ్‌ను నేలకు జానెడు ఎత్తులో పెట్టి 100 మీటర్లు అందలేదంటే తప్పు రేడియోది కాదు. పైగా ఆకుల్లోని నీరు ఈ తరంగాన్ని మింగేస్తుంది. నాటినప్పుడు పరీక్షించి సరేననుకున్న లింకు, పైరు ఏపుగా ఎదిగాక తెగిపోతుంది. వైఫై ఉన్నచోట 802.15.4 చానళ్లలో 15, 20, 25, 26 ఎంచుకోవాలి. వైఫై 1, 6, 11ల నడుమ సందుల్లో, 11కి అవతల పడేవి ఇవే.

ఎవరూ ఎదురుచూడని నెట్‌వర్క్

మూడో దారిలో గొలుసే ఉండదు. తక్కువ కరెంటుతో చాలా దూరం పంపే లోరా రేడియో మీద నడిచే నెట్‌వర్క్ లోరావాన్. అందులో ప్రతి నోడూ నేరుగా గేట్‌వేకే పంపుతుంది. గేట్‌వేకు కరెంటు కొదవలేదు కనక ఎప్పుడూ మేలుకొనే ఉంటుంది. క్లాస్ ఏ అనే రకం నోడ్ తానే ఏదైనా పంపాక, సాధారణంగా ఒక సెకను తర్వాత ఒకసారి, రెండు సెకన్ల తర్వాత ఇంకోసారి కాసేపు చెవి ఒగ్గి, తర్వాత పడుకుంటుంది. దానికేమైనా చెప్పాలంటే అది మాట్లాడేదాకా ఆగాల్సిందే. వాల్వును వెంటనే కట్టేయాలనుకునేవాళ్లు ఇది చదవకుండా కొని తర్వాత తల పట్టుకుంటారు.

దూరానికి మూల్యం సమయం. సిగ్నల్‌ను కాలంలో ఎంత సాగదీయాలో చెప్పే అంకె స్ప్రెడింగ్ ఫ్యాక్టర్. అది 7లో, 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో, 20 బైట్ల లోరా ప్యాకెట్ గాలిలో ఉండేది 57 మిల్లీసెకన్లు. 12లో అదే ప్యాకెట్ 1.3 సెకన్లు. ఖర్చు ఇరవై రెట్లు పైనే. ఐరోపాలోని 868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా చానళ్లకు 1 శాతం పరిమితి ఉంది, అంటే గంటకు 36 సెకన్లు. 12 మీద అలాంటి ప్యాకెట్లు గంటకు 27 మించి కుదరవు. 'ఎందుకైనా మంచిది' అని అన్ని నోడ్లనూ 12లో పెట్టేస్తే ఒకరి మాట మీద ఒకరి మాట పడి ఎవరిదీ అందదు.

ఏ పనికి ఎంత నిద్ర?

సెన్సర్ నెట్‌వర్క్‌లను వ్యవసాయం, పరిశ్రమ, పర్యావరణం అని విడగొట్టి చెప్పడం రివాజు. ఇంజినీరుకు అది పెద్దగా పనికిరాదు. ఎంతసేపు నిద్రపోనిస్తారన్నదాన్ని బట్టి విడగొడితే డిజైన్ దానంతటదే తేలుతుంది.

బాగా నిద్రపోయేవాటిలో మేటి ఆర్గో. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4000 తేలియాడే గొట్టాలు ఉన్నాయి. ఒక్కోటి వెయ్యి మీటర్ల లోతున రోజుల తరబడి ఊరికే కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి, ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతుంది. ఒకదానితో ఇంకోదానికి మాటల్లేవు. నేలలో తేమ, ధాన్యం గిడ్డంగిలో ఉష్ణోగ్రత, నీటి మీటర్లు కూడా ఈ జాతివే. గంటకోసారి చాలు, లోరా చాలు.

రెండో జాతి కునుకు తీస్తూనే ఓ కన్ను తెరిచి ఉంచేది. సునామీల కోసం సముద్రంలో పెట్టే డార్ట్ వ్యవస్థలో అడుగున ఒక పీడన సెన్సర్, పైన బోయా ఉంటాయి. అడుగునుంచి బోయాకు ధ్వనితో, బోయా నుంచి ఉపగ్రహానికి రేడియోతో కబురు వెళ్తుంది. మామూలు రోజుల్లో 15 నిమిషాల వ్యవధిలో తీసిన విలువలను అప్పుడప్పుడూ పంపితే చాలు. గత కొన్ని గంటల పోకడను బట్టి నీటి మట్టం ఎంత ఉండాలో అడుగునున్న పరికరమే అంచనా కడుతుంది. అసలు కొలత ఆ అంచనాను మూడు సెంటీమీటర్లో ఎంతో దాటిందా, 15 సెకన్ల కొలతలు గబగబా పైకి పంపడం మొదలుపెడుతుంది. నిర్ణయం కొలిచేచోటే జరుగుతుంది, అందుకే బ్యాటరీ నిలుస్తుంది.

మూడోది నిద్రకు వీలు లేనిది. గోల్డెన్ గేట్ వంతెన మీద 2006లో 64 నోడ్లు సెకనుకు వెయ్యిసార్లు కంపనాన్ని కొలిచాయి. గేట్‌వేకి చేరడానికి 46 గెంతుల దారి. అంత డేటా అప్పటికప్పుడు ఆ దారిలో పట్టదు. కాబట్టి ముందు అన్నీ ఒకేసారి, సెకనులో లక్షోవంతు తేడాతో గడియారాలు కలుపుకొని, కొలిచి ఫ్లాష్‌లో దాచుకున్నాయి. ఆ తర్వాత తీరిగ్గా పంపాయి.

తప్పు అంకె ఎలా పుడుతుంది?

మూసిన పెట్టెలో పెట్టిన థర్మామీటర్ కొలిచేది పెట్టె ఉష్ణోగ్రతను. గాలి ఆడే తెల్లటి గొడుగు లేకుండా ఎండలో పెడితే మధ్యాహ్నం కొలతలకు విలువ లేదు. లేజర్‌తో దుమ్ము కొలిచే సెన్సర్లు తేమ 80 శాతం దాటితే నీటిని పీల్చి ఉబ్బిన రేణువులను చూసి ఎక్కువ చెబుతాయి. పొగమంచు ఉదయాన కనిపించే 'కాలుష్యం' కొంత నీరే. చవకరకం మెటల్ ఆక్సైడ్ గ్యాస్ సెన్సర్ల హీటర్ ఒక్కటే 5 వోల్టుల దగ్గర 150 మిల్లీ ఆంపియర్లు తింటుంది. పైన చేసిన బ్యాటరీ లెక్కలో దీన్ని కలిపి చూడండి, 17 గంటలైనా నిలవదు.

అమెరికాలోని మెయిన్ తీరాన గ్రేట్ డక్ ద్వీపంలో 2002లో పక్షుల బొరియల్లో నోడ్లు పెట్టినప్పుడు తేలిన సంగతి ఒకటుంది. తేమ సెన్సర్‌లోకి నీరు దిగితే అది అసాధ్యమైన విలువలు చెప్పడమే కాదు, షార్ట్ అయి నోడ్‌ను కూడా ముంచుతుంది. అర్థంలేని తేమ అంకె వస్తే ఆ నోడ్ త్వరలో పోబోతోందన్నమాట. చెత్త అంటూ చెరిపేసే డేటాలో ఇలాంటి కబుర్లు ఉంటాయి.

లిథియం థయోనైల్ క్లోరైడ్ బ్యాటరీ చల్లగా ఇంకో రకంగా మోసం చేస్తుంది. పదేళ్లు నిలుస్తుందని కొంటారు. నెలల తరబడి మైక్రో ఆంపియర్లే తీస్తే లోపల లిథియం మీద పొర కడుతుంది. ఒక్కసారిగా రేడియో 40 మిల్లీ ఆంపియర్లు అడగ్గానే వోల్టేజీ కుంగి మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతుంది. లేస్తుంది, పంపబోతుంది, మళ్లీ పడుతుంది. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 3.6 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. పక్కన తగిన కెపాసిటర్ పెడితే సమస్య తీరుతుంది.

సాఫ్ట్‌వేర్ చేసే చేటు ఇంకా పెద్దది. నెదర్లాండ్స్‌లో ఒక బంగాళాదుంప పొలంలో దాదాపు 100 నోడ్లతో చేసిన ప్రయోగంలో, కొత్త ప్రోగ్రామ్‌ను ఒకరికొకరు పంచుకునే పని ఆగకుండా సాగి, కొద్దిరోజుల్లోనే బ్యాటరీలను తాగేసింది. చివరికి చేతికొచ్చిన కొలతలు 2 శాతం.

పన్నెండు బైట్లు

ప్యాకెట్‌లో ఏముండాలి? నోడ్ సంఖ్యకు 2 బైట్లు, వరుస సంఖ్యకు 2, ఎన్నిసార్లు రీసెట్ అయిందో 1, ఎందుకైందో 1, బ్యాటరీ మిల్లీవోల్టులు 2, ఉష్ణోగ్రత 2, తేమ 2. మొత్తం 12. అదే సంగతిని జేసన్ (వెబ్‌లో డేటాను పేర్లతో సహా అక్షరాల్లో రాసే పద్ధతి) పాఠంగా రాస్తే 80 దాటుతుంది. తొందరలేని పనైతే ఆరు కొలతలు పోగేసి ఒకేసారి పంపండి. మొదటి 8 బైట్లు ఒక్కసారి రాస్తే చాలు, కొలతలకు 24 కలిపి 32 బైట్లు.

ఉష్ణోగ్రతను వందతో గుణించి పూర్ణసంఖ్యగా పంపడం మామూలే. మైనస్ 7.25 అంటే మైనస్ 725. సర్వర్ దాన్ని గుర్తు లేని సంఖ్యగా చదివితే 64811 అవుతుంది, తెర మీద 648.11 డిగ్రీలు. వేసవిలో పరీక్షించిన ప్రోగ్రామ్‌లో ఈ తప్పు మంచు పడే రాత్రి దాకా దాక్కుంటుంది. 32 బిట్ల మిల్లీసెకన్ల లెక్క 49.7 రోజులకు సున్నాకు తిరగడం కూడా ఇలాంటిదే. రెండు వారాల పరీక్షలో ఎప్పటికీ దొరకదు.

నోడ్లు పెట్టిన మొదటి వారం కొలతల గ్రాఫ్ కన్నా వరుస సంఖ్యల పట్టిక ముందు చూడాలి. అక్కడక్కడా ఒకటీ రెండూ ఎగిరిపోతే రేడియో లింకు బలహీనం, యాంటెన్నా ఎత్తండి. రోజూ ఒకే వేళకు గుంపుగా పోతే, నోడ్లన్నిటివీ పోతే గేట్‌వేనూ దాని కరెంటునూ చూడండి. కొన్ని నోడ్లవే పోతే ఆ వేళకు పక్కన ఏ యంత్రం నడుస్తోందో చూడండి. సంఖ్య సున్నాకు పడి, రీసెట్ లెక్క పెరుగుతుంటే బ్యాటరీ ఆ ఒక్క క్షణపు భారాన్ని మోయలేకపోతోంది. లోరావాన్‌లో తాళంచెవులను (సందేశాలకు తాళం వేసే రహస్య సంకేతాలను) ముందే చిప్‌లో రాసిపెట్టే పద్ధతి వాడుతుంటే ఇంకో అనుమానం: రీసెట్‌తో ఫ్రేమ్ లెక్క మళ్లీ మొదటికొస్తే, ఇవి పాత ప్యాకెట్లనుకుని సర్వర్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. నోడ్ పంపుతూనే ఉంటుంది, గేట్‌వేకు అందుతూనే ఉంటుంది, మీకు మాత్రం ఏమీ కనిపించదు. ఇక వరుస సంఖ్య ఒక్కటీ తప్పకుండా పెరుగుతూ, ఉష్ణోగ్రత మాత్రం రెండో దశాంశం దాకా రెండు రోజులుగా కదలకపోతే, నెట్‌వర్క్ జోలికి వెళ్లకుండా పెట్టె తెరిచి సెన్సర్ కనెక్టర్ ఊడిందేమో చూడండి.